సుగుణ వంట మీద పడిన నింద

నా గుండెకి రెండు స్టెంట్లు వేసి తొమ్మిది నెలలైంది. నడుస్తున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి, "ఏం తింటున్నారు, ఏం మానేశారు?" అని అడుగుతుంటారు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి సగం జవాబే చెబుతూ వచ్చాను. మిగతా సగం చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. ఇది రాస్తానంటే నా భార్య సుగుణ, "రాస్తే మొత్తం రాయండి, లేకపోతే ఊరుకోండి" అంది. అందుకని మొత్తం రాస్తున్నాను.

మేముండేది ఇల్లినాయి రాష్ట్రంలో, షికాగో దగ్గర అరోరాలో. ఇరవై రెండేళ్లుగా అదే ఇల్లు. నాకు అరవై ఒకటి. పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీర్ని. ఇంటినుంచి ఫ్యాక్టరీకి నలభై నిమిషాల డ్రైవ్. ఒక్కతే కూతురు, హారిక. షికాగోలో ఫార్మసిస్ట్. సుగుణ ఉద్యోగం చేయలేదు. కానీ మా కాలనీలో ఆమె చేతి పులిహోర తినని తెలుగువాళ్లు లేరు. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు సుగుణకి ఫోన్ వస్తుంది, తర్వాతే పంతులుగారికి.

జనవరి

అది నెలాఖరు ఆదివారం. రాత్రంతా మంచు పడింది. పొడి మంచు కాదు, తడిసి బరువెక్కిన మంచు. తొమ్మిదింటికి పార తీసుకుని డ్రైవ్‌వే శుభ్రం చేయడానికి దిగాను. సగం అయ్యేసరికి ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టనిపించింది. నొప్పి అని చెప్పలేను, బరువు. కింది దవడ మాత్రం పన్ను పోటులా లాగుతోంది. ఎడమ చేతికి ఏమీ కాలేదు. సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోలేదు. అందుకే ఇది గుండెకి సంబంధించినదని నాకు తట్టలేదు. ముందురోజు సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీల మీదకి నెట్టేసి గరాజ్ మెట్టు మీద కూర్చున్నాను.

సుగుణ కాఫీ తెచ్చింది. నా మొహం చూసి కప్పు పక్కన పెట్టేసింది.

"ఏవండీ, ఏమైంది?"

"గ్యాసు. కాసిని వాము నీళ్లియ్యి."

తెచ్చింది. తాగాను. ఆమె నా నుదురు ముట్టుకుని చెయ్యి చూసుకుంది. "ఇంత చలిలో చెమటేమిటండీ?" అని లోపలికి వెళ్లి ఫోన్ తీసింది.

"అంబులెన్స్ వద్దు. వీధిలో అందరూ చూస్తారు. కారు తియ్యి, నేనే డ్రైవ్ చేస్తా" అన్నాను. నా జీవితంలో నేనన్న తెలివితక్కువ మాటల్లో అది మొదటిది. సుగుణ పట్టించుకోలేదు. ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకో హారికకో ఇచ్చేసే మనిషి, ఆరోజు మా అడ్రసు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఎనిమిది నిమిషాల్లో వచ్చారు.

ఆసుపత్రిలో ఏం చేశారో నాకు పెద్దగా గుర్తు లేదు. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపారు. గది చాలా చల్లగా ఉంది. నేను మెలకువగానే ఉన్నాను. తల దగ్గర నిలబడ్డ నర్సు ఒకామె నా భుజం మీద చెయ్యి తీయకుండా, "ఇప్పుడు కాస్త వేడిగా అనిపిస్తుంది, ఇప్పుడు మందు వెళ్తోంది, ఇంకొంచెం సేపే" అని ప్రతిదీ ముందుగా చెబుతూ వచ్చింది. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే భయం సగానికి దిగుతుందని అప్పుడే తెలిసింది.

బయట సుగుణ పరిస్థితి తర్వాత ఆమె చెబితే విన్నాను. కంగారులో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే అంబులెన్స్ ఎక్కేసింది. వెయిటింగ్ రూములో కూర్చునేసరికి కాలివేళ్లు తెల్లబడ్డాయి. నేల తుడుస్తున్న స్పానిష్ ఆవిడ అది చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి, పేషెంట్లకిచ్చే మందపాటి మేజోళ్లు ఒక జత తెచ్చి, కింద కూర్చుని తనే తొడిగింది. ఒకరి భాష ఒకరికి రాదు. సుగుణ అప్పటిదాకా ఏడవలేదట. ఆవిడ తన కాళ్లు ముట్టుకుంటే ఏడుపొచ్చిందట. గోడ మీద టీవీలో ఎవరో కేకు చేస్తున్నారట. గంటకి పైగా దాన్నే చూసింది గానీ ఏం కేకో చెప్పలేనంది.

హారిక మంచులో రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది. నన్ను గదిలోకి మార్చాక మంచం పక్కన నిలబడి మానిటర్ చూస్తూనే మాట్లాడింది. "నాన్నా, నువ్వు మంచు తీయొద్దు ఇంక. ఎప్పటికీ. ఓకే?" అంది. ఓకే అన్నాను.

మూడోరోజు ఇంటికి పంపేముందు డాక్టరు గారు వచ్చారు. నిదానస్తుడు. స్టెంటు రక్తనాళాన్ని తెరుస్తుంది గానీ జబ్బుని పోగొట్టదని, ఇకనుంచి మందులూ నడకా తిండీ కలిసి పనిచేయాలని చెప్పారు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"మా ఆవిడ" అన్నాను.

ఆయన సుగుణ వైపు తిరిగి మర్యాదగానే చెప్పారు. నూనె తగ్గించాలి, ఉప్పు బాగా తగ్గించాలి, పచ్చళ్లు, అప్పడాలు, వేపుళ్లు చూసుకోవాలి. సుగుణ తల దించుకుని ప్రతి మాటకీ ఊఁ కొట్టింది. బళ్లో తప్పు చేసి నిలబడిన పిల్లలా ఉంది.

నేను నోరు విప్పాల్సింది అక్కడే. విప్పలేదు.

ఎందుకంటే పదిహేనేళ్లుగా నేను పొద్దున్నే ఇంట్లో ఏమీ తినకుండా వెళ్లేవాణ్ణి. "పొద్దున ఆకలి వేయదు" అని చెప్పేవాణ్ణి. హైవే దిగే చోట ఒక బర్గర్ షాపు ఉంది. కారు దిగకుండానే, డ్రైవ్ త్రూలో వారానికి నాలుగు రోజులు, కొన్ని వారాలు ఐదు రోజులూ, సాసేజ్ బిస్కట్ కొనుక్కునేవాణ్ణి. అంటే మన టీ బిస్కట్ కాదు. వెన్న పోసి చేసిన మెత్తని రొట్టె, మధ్యలో పందిమాంసం ముద్ద, గుడ్డు, చీజు. దాంతోపాటు నూనెలో వేయించిన బంగాళాదుంప అట్టు. సాయంత్రం ట్రాఫిక్ ఎక్కువగా ఉంటే దారిలో వేయించిన చికెన్. కాగితాలు దారిలోనే పారేసి, వాసన పోవాలని చలికాలంలో కూడా అద్దాలు దించుకుని ఇంటికొచ్చేవాణ్ణి. సుగుణ కట్టిచ్చిన లంచ్ బాక్సు చాలా రోజులు మా ల్యాబ్‌లో పనిచేసే రిక్ తినేవాడు. అతనికి తోటకూర పప్పంటే ప్రాణం. అతని గుండె భేషుగ్గా ఉంది.

ఫిబ్రవరి

ఇంటికొచ్చిన మర్నాడు సుగుణ ఫ్రిజ్ ముందు కూర్చుని పచ్చడి సీసాలన్నీ బయటికి తీసింది. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి. ఒక్కొక్కటే చెత్త సంచిలో బోర్లించింది. వడియాలు, అప్పడాలు, కరివేపాకు పొడి, నెయ్యి గిన్నె, అన్నీ.

"అవన్నీ ఎందుకు పారేయడం, ఎవరికైనా ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"ఇంకో ఇంట్లో ఇంకొకరికి రావాలా?" అంది.

ఆ తర్వాత నెల రోజులు మేం తిన్నదాన్ని తిండి అనడం కష్టం. ఉడకబెట్టిన బీరకాయ, ఉడకబెట్టిన క్యాబేజీ, ఉప్పులేని కందిపప్పు. పోపు లేదు. మా ఇంట్లో ఆవాలు చిటపటలాడడం ఆగిపోయింది. నాకు వేరే, తనకి వేరే చేసుకోలేదు. నేను తిన్నదే తానూ తింది. నేను రెండు ముద్దలు మింగి నీళ్లు తాగితే, తనూ అక్కడితో ఆపేసేది. గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

హారిక వీకెండ్ వచ్చి చూసి, "అమ్మా, డాక్టర్ తక్కువ చేయమన్నారు, జీరో చేయమనలేదు" అంది.

"నీకు తెలీదులే. ముప్ఫై ఏళ్లు నా చేత్తో నేనే పెట్టాను" అంది సుగుణ.

ఆ మాట నేను పక్కగదిలోంచి విన్నాను.

అదే వీకెండ్ సుగుణ ఎవరో చెప్పారని సోడియం లేని ఉప్పు డబ్బా ఒకటి తెచ్చింది. హారిక లేబుల్ చదివి పక్కన పెట్టేసింది. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుందని, నాన్న వేసుకునే బీపీ మాత్రతో అది ఒంట్లో పేరుకుపోవచ్చని, డాక్టర్ని అడక్కుండా వాడొద్దని చెప్పింది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అలాంటిది కొనబోతుంటే ముందు మీ డాక్టర్ని అడగండి. మాకు ఇంట్లో ఫార్మసిస్ట్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ నెలాఖరులో మా పక్కవీధి వసంత ఫోన్ చేసింది. కూతురి సీమంతం, నలభై మందికి పులిహోర కావాలంది. సుగుణ స్పీకర్‌లో పెట్టి గిన్నెలు కడుగుతోంది.

"నేను వంట మానేశాను వసంతా. ఇంకెవరినైనా చూసుకో" అంది మామూలు గొంతుతోనే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అదే గిన్నెని తోముతూ ఉండిపోయింది.

నేను సోఫాలో కూర్చుని చూస్తున్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. గుండెపోటు నన్ను భయపెట్టినంతగా ఆమె మొహం నన్ను భయపెట్టింది. జబ్బుపడ్డవాడి మీద ఇంటిల్లిపాదీ జాలి చూపిస్తారు. ఆ జాలి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. మన నింద ఇంకొకరు మోస్తుంటే మనిషి ఎంత హాయిగా కూర్చుంటాడో నేను నా ఒంటితోనే తెలుసుకున్నాను.

మార్చి

ఆసుపత్రివాళ్లే డైటీషియన్ దగ్గరికి పంపారు. లిండా అని, యాభై ఏళ్లావిడ. జబ్బుకి ముందు ఇంట్లో ఏం వండేవారో రాసుకుని రమ్మన్నారు. సుగుణ నోటుబుక్కు నిండా రాసింది. ఏ కూరలో ఎన్ని చెంచాల నూనె, ఎంత ఉప్పు, ఏ పండక్కి ఏ పిండివంట, ఏమీ దాచలేదు. నేరం ఒప్పుకుంటూ రాసిచ్చినట్టుంది ఆ పుస్తకం.

లిండా చాలాసేపు చదివింది. మధ్యలో "గోంగూర అంటే ఏ ఆకు? కంది అంటే ఏ పప్పు?" అని అడిగి పక్కన రాసుకుంది. చివరికి కళ్లద్దాలు తీసింది.

"ఉప్పు ఎక్కువే. పచ్చళ్లు, అప్పడాలు తగ్గాలి. వేపుళ్లు నెలకోసారికి వెళ్లాలి. పళ్లెంలో అన్నం సగం చేసి కూర రెట్టింపు చేయండి. అంతే. ఈ పప్పు, ఈ ఆకుకూరలు, ఈ పెరుగు తినమని నేను పేషెంట్లని బతిమాలుతుంటాను."

సుగుణకి నమ్మకం కలగలేదు. "మరి ఆయనకి ఎందుకొచ్చింది?" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

"ఒక్క కారణం ఉండదు. వయసు, వంశం, కొలెస్టరాల్, పని ఒత్తిడి, అన్నీ కలుస్తాయి" అని లిండా నా వైపు చూసింది. "మిస్టర్ రావ్, పొద్దున పేజీ ఖాళీగా ఉంది. బ్రేక్‌ఫాస్ట్ ఏం తినేవారు?"

"కాఫీ" అన్నాను.

"ఆయనకి పొద్దున ఆకలుండదు" అని సుగుణ నా తరఫున చెప్పింది.

లిండా నన్ను ఇంకో క్షణం చూసి పేజీ తిప్పింది.

అదే నెలలో రీహాబ్, అంటే ఆసుపత్రిలోనే చేయించే గుండె వ్యాయామం, మొదలైంది. వారానికి మూడు రోజులు, ఛాతీకి వైర్లు పెట్టి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. నర్సులు తెర మీద మన గుండెని చూస్తుంటారు. మొదటిరోజు ఆరు నిమిషాలకే కాళ్లు వణికాయి. రెండోవారానికి పదిహేను నిమిషాలు. మొదట్లో ప్రతి చిన్న నొప్పికీ ఉలిక్కిపడేవాణ్ణి. పక్కన ఇంకో పదిమంది అదే భయంతో అదే నడక నడుస్తుంటే, అది నెమ్మదిగా మామూలు విషయమైపోయింది.

నా పక్క మెషీన్ వాల్టర్‌ది. డెబ్భై నాలుగేళ్లు, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ, "నీదేంటి?" అన్నాడు.

"ఏది?"

"దాచుకుని తిన్నది. ఇక్కడ అందరికీ ఒకటుంటుంది. నాది డోనట్స్. బస్సు డ్రైవర్ సీటు కింద పెట్టెలో దాచేవాణ్ణి." సైకిల్ మెషీన్ మీదున్న ఒక పెద్దావిడ, "నాది చిప్స్, బట్టలుతికే గదిలో" అంది, ఎవరూ అడక్కుండానే.

నేను నాది చెప్పాను. బిస్కట్, అద్దాలు దించుకోవడం, రిక్, లంచ్ బాక్సు, అన్నీ. వాళ్లు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. స్టెంట్లు వేశాక అంతగా నవ్వడం అదే మొదలు.

"మీ ఆవిడకి తెలుసా?" అన్నాడు వాల్టర్.

"తెలీదు."

"మరి ఆవిడ ఏమనుకుంటోంది? నీకిది ఎక్కణ్ణుంచి వచ్చిందని?"

నేను మెషీన్ వేగం ఒక మెట్టు పెంచాను. అతను మళ్లీ అడగలేదు. నా నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ శనివారం పొద్దున కూరగాయలకని బయల్దేరాం. డ్రైవింగ్‌కి డాక్టరు గారు అప్పటికే ఒప్పుకున్నారు, సోమవారం నుంచి ఆఫీసుకి కూడా వెళ్లొచ్చన్నారు. దుకాణం వైపు తిప్పాల్సిన చోట తిప్పకుండా హైవే ఎక్కాను.

"ఎటు వెళ్తున్నారు?" అంది సుగుణ.

"ఒకటి చూపించాలి."

బర్గర్ షాపు పార్కింగ్‌లో, డ్రైవ్ త్రూ బోర్డు కనిపించే చోట కారు ఆపాను. ఇంజిన్ ఆపేశాను.

"పొద్దున్నే నేను ఇక్కడే తినేవాణ్ణి" అన్నాను.

ఆమె బోర్డు వైపు చూసింది. బొమ్మలన్నీ వరసగా చూసింది. "ఏది?"

చూపించాను.

"ఎప్పుడైనానా?"

"దాదాపు రోజూ. పదిహేనేళ్లు. సాయంత్రాలు కూడా, ఇంకోచోట. నువ్వు కట్టిన డబ్బా చాలాసార్లు ఆఫీసులో రిక్‌కి ఇచ్చేశాను."

మా ముందునుంచి నాలుగైదు కార్లు కిటికీ దగ్గర ఆగి, సంచులు అందుకుని వెళ్లిపోయాయి. చివరికి ఆమె అడిగింది.

"బాగుంటుందా?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. "వేడిగా ఉంటుంది" అన్నాను.

"ఇంటికి పోదాం" అంది. కూరగాయలు కొనలేదు.

నాలుగు రోజులు మాట్లాడలేదు. వేళకి మందులు బల్లమీద పెట్టేది, కంచం పెట్టేది, మాట మాత్రం లేదు. హారికకి చెప్పినట్టుంది. సోమవారం దాని ఫోన్ వచ్చింది.

"నాన్నా, అది అస్సలు ఓకే కాదు. అమ్మ రెండు నెలలు ఏడ్చింది. నాకు కాల్ చేసి ఏడ్చేది, నీకు తెల్సా?"

"తెలీదమ్మా."

"నువ్వు సారీ చెప్పావా? ప్రాపర్‌గా?"

ఆలోచిస్తే చెప్పలేదు. జరిగింది చెప్పాను, అంతే. ఆఫీసులో లోపం రిపోర్టు రాసినట్టు చెప్పి ఊరుకున్నాను.

మంగళవారం సాయంత్రం వంటగదిలోకి వెళ్లి నిలబడి, "తప్పు చేశాను సుగుణా. క్షమించు" అన్నాను. పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో ఆ మాట అంత సూటిగా అన్నది లేదు.

ఆమె స్టవ్ కట్టేసి నా వైపు తిరిగింది.

"తిన్నందుకు కాదండీ. ఆకలేసి తిన్నారో, రుచికి తిన్నారో, తిన్నారు. డాక్టరు గారు నన్ను అడుగుతుంటే నేను తలొంచుకుని నిలబడ్డాను. మీరు పక్కనే ఉన్నారు. మంచం మీదున్నారు కదా, ఆరోజుకి వదిలేస్తాను. రెండు నెలలెందుకు చూస్తూ కూర్చున్నారు?"

"భయపడ్డాను."

"నా వంట చాలలేదా?"

ఇది మాత్రం నిజం చెప్పాలనుకున్నాను. హారిక హైస్కూల్లో ఉన్నప్పుడు మా ఫ్యాక్టరీలో వరసగా మనుషుల్ని తీసేశారు. రోజూ పొద్దున ఆ గేటు దాటడానికి కాళ్లు కదిలేవి కావు. దానికి ముందు కార్లో ఒక్కణ్ణీ కూర్చుని తినే ఆ పావుగంటలో నన్నెవరూ ఏమీ అడగరు. ఆ భయం తర్వాత పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది. వంట చాలకపోవడం కాదు. అదే చెప్పాను.

సుగుణ స్టవ్ మీది గిన్నె దించి పక్కన పెట్టి, "అలాంటి పావుగంట నాకూ కావాలనిపిస్తుంది. మీరు వెళ్లాక వెనక డెక్ మీద టీ తాగుతాను. మీకెప్పుడూ చెప్పలేదు" అంది. ఆ తర్వాత, "రేపట్నుంచి పొద్దున తిని వెళ్లండి" అంది.

మర్నాడు స్నానం చేసి వస్తుంటే వంటింట్లోంచి ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపించింది. ఒక్క చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, దండిగా కరివేపాకు.

ఏప్రిల్ నుంచి

అక్కడినుంచి సుగుణ లిండా చెప్పినవాటిని శిక్షలా కాకుండా పందెంలా తీసుకుంది. ఉప్పు తగ్గితే నాలుక దేన్ని వెతుకుతుందో కనిపెట్టాలంది. పులుపుని వెతుకుతుందని ఆమె తేల్చింది. కూర దించాక నిమ్మరసం, పప్పులో చింతపండు కాస్త ముందుకి, మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, అల్లం, పచ్చిమిర్చి. ఉప్పు వంట మధ్యలో కాకుండా చివర్లో వేస్తే తక్కువతోనే నాలుకకి తెలుస్తుందంది. నాకు మూడు వారాలు పట్టింది అలవాటు పడడానికి. ఆ తర్వాత ఒక పెళ్లి విందులో పప్పు నోట్లో పెట్టుకుంటే సముద్రపు నీళ్లలా ఉంది. నాలుక మారుతుంది. మారదనుకునేవాళ్లకి చెబుతున్నాను, ఓ నెల ఓపిక పట్టండి.

కొట్లో కొనేవాటి లేబుళ్లు చదవడం హారిక నేర్పింది. ఉప్పగా ఉండేవాటిలోనే ఉప్పుంటుందనుకునేవాళ్లం. మేం రోజూ తినే బ్రెడ్డులో, డబ్బా టమాటాల్లో, ఫ్రోజెన్ పరాఠాల్లో ఎంతుందో చూసి సుగుణ, "నా ఆవకాయని ఊరికే తిట్టారు" అంది. డబ్బా శనగలు కొంటే రెండుసార్లు కడిగి వాడుతుంది.

అన్నీ కుదరలేదు. మొదటి జొన్నరొట్టె ఇంటి పైకప్పుకి వేసుకోవచ్చు. ఓట్సుతో చేసిన ఇడ్లీ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని పక్షులకి వేశాం. సాల్మన్ చేపతో పెట్టిన పులుసు మాత్రం మొదటిసారే అద్భుతంగా కుదిరింది. చేపలో ఉన్న కొవ్వే చాలు, నూనె పెద్దగా అక్కర్లేదు. వారానికి రెండుసార్లు అదే.

మే నెలలో వెనక పెరట్లో గోంగూర వేసింది. ఇల్లినాయి ఎండాకాలం చిన్నదే అయినా గోంగూర ఏపుగా వచ్చింది. గోంగూర పప్పుకి ఉప్పు చిటికెడు చాలు, ఆ పులుపే అన్నీ చూసుకుంటుంది. ఆవకాయ కూడా మళ్లీ పెట్టింది, ఒక్క చిన్న సీసా. ఆదివారం మధ్యాహ్నం వేలి గోరంత నా కంచంలో వేస్తుంది. ఆ గోరంతని నేను భోజనం మొత్తానికి సర్దుకుంటాను.

వసంత కూతురికి అప్పటికి ప్రసవమైంది. బారసాలకి సుగుణ పులిహోర తనే చేసి పట్టుకెళ్లింది. నూనె మునుపటికి సగం, నువ్వులపొడి కాస్త ఎక్కువ. ఎవరూ తేడా కనిపెట్టలేదని వచ్చి నాకు చెప్పింది, దొంగతనంగా ఏదో మంచిపని చేసినట్టు.

నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు పొద్దున పూట. ఆరున్నరకి ఇద్దరం కూర్చుని తింటాం. ఇనప పెనం మీద నాలుగు చుక్కల నూనెతో పెసరట్టు, లేదా పండ్లు వేసిన ఓట్సు, లేదా కొర్రల ఉప్మా. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో పొద్దున కలిసి తినడం మాకు పెళ్లయిన కొత్తలో తప్ప ఎప్పుడూ లేదు. పెద్దగా ఏం మాట్లాడుకోం. బయట ఉడతలు గోంగూర మడి తవ్వుతుంటే సుగుణ అద్దం మీద తడుతుంది. నేను బయల్దేరాక తన టీ కప్పుతో డెక్ మీదకి వెళ్తుందని తెలుసు కాబట్టి, ఆలస్యం చేయకుండా వెళ్లిపోతాను.

పరీక్షల్లో అంకెలు బాగున్నాయి. డాక్టరు గారు మందులు మాత్రం ఆపేది లేదన్నారు. ఆపను. తిండి మార్చుకున్నాం కదా అని మాత్రలు మానేసినవాళ్లు నాకు తెలుసు, ఆ పని చేయకండి. ఛాతీలోనో దవడలోనో కొత్తరకం బరువు తెలిస్తే వాము నీళ్లు తాగుతూ కూర్చోకండి. వీధిలో ఎవరు చూస్తారా అని ఆలోచించకండి.

సెప్టెంబరు

పోయిన నెల లిండా ఫోన్ చేసి సుగుణని ఒకటి అడిగింది. ఆసుపత్రిలో కొత్తగా గుండె జబ్బు చేసినవాళ్లకి వంట చేసి చూపించే క్లాసు ఉంటుందట. ఒక గంట వచ్చి మీ పప్పు చేసి చూపిస్తారా అంది. సుగుణ ముందు రానంది, ఇంగ్లీషు భయం. హారిక, "అమ్మా, నువ్వు వంట చెయ్యి, మాట్లాడకు, నాన్న మాట్లాడతాడు" అంది. "ఆయన మాట్లాడితే నిజం చెప్పరు" అని తనే మాట్లాడడానికి ఒప్పుకుంది.

పన్నెండు మంది దాకా వచ్చారు. ఎక్కువమంది జంటలుగా. వాల్టర్ రీహాబ్ ఎప్పుడో అయిపోయినా తినడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సుగుణ నీలం చీర కట్టుకుని, దానిమీద ఆసుపత్రివాళ్లిచ్చిన ఏప్రన్ వేసుకుని, మా పెరటి గోంగూర కడిగి, పప్పు ఉడికించి, చెంచా ఎత్తి అందరికీ చూపించి మరీ నూనె పోసింది. ఆవాలు పేలినప్పుడు ముందువరసవాళ్లు వెనక్కి జరిగారు. మాటలకి తడుముకున్నప్పుడల్లా గరిటెతో చూపించింది. చిన్న కప్పుల్లో అందరికీ పెట్టింది. వాల్టర్ మూడు కప్పులు తిన్నాడు.

చివర్లో వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు. మణికట్టు మీద కట్టు ఇంకా కొత్తగానే ఉంది. పక్కన ఆయన భార్య ఒళ్లో కాగితం పెట్టుకుని, తలొంచుకుని అన్నీ రాసుకుంటోంది.

"అయితే ఈవిడ వంట మొత్తం మార్చుకోవాలన్నమాట" అన్నాడాయన, భార్యని చూపిస్తూ.

సుగుణ గరిటె కింద పెట్టింది. ఆయన్ని తేరిపార చూసి, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఏమాత్రం తడుముకోకుండా అడిగింది.

"మీరు బయట ఏం తింటారు?"

గదంతా గొల్లున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న ఆవిడ రాయడం ఆపి తలెత్తింది.